నర్సమ్మ విప్పి ఇచ్చిన రబ్బరు తిత్తి

నర్సమ్మ పోయి ఇరవై రెండు రోజులైంది. నంద్యాలలో నేను కూర్చునే ఎస్టీడీ బూతుకూ ఆమె ఇంటికీ మధ్య రెండే సందులు. అంత దగ్గరి మనిషి పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. ఆమె చెల్లెలి కూతురు ఆస్పత్రి ఎదుటి బూతు నుంచి చేసింది.

"అన్నా, పెద్దమ్మ ల్యా."

"ల్యా అంటే? యాడికి పోయింది?"

"పోయిందన్నా. పొద్దున్నే వంటింట్లో పడిపోయింది. ఆటోలో ఆస్పత్రికి తెచ్చినాం. తలలో నరం చిట్లిందన్నారు."

నేను ఆ పిల్ల మీద అరిచాను. నన్నెందుకు పిలవలేదని, ఇంత ఆలస్యంగా చెప్తావా అని, నోటికొచ్చిందల్లా అరిచాను. పక్క క్యాబిన్‌లో మాట్లాడుతున్నాయన మాట ఆపేసి అద్దంలోంచి నన్ను చూశాడు. చావు కబురు చెప్పిన పిల్ల మీద అరిచిన మనిషి రాస్తున్న మాటలివి. చదివే ముందు మీకు ఆ సంగతి తెలిసుండాలి.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మెత్తబడతారు. నాకది చేతకావడం లేదు. కోపంగా ఉంది. చర్చి బయట నోరు జారిన ఒకాయన మీద కోపం. నర్సమ్మ మీద కోపం. అందరికంటే ఎక్కువ నా మీద.

మీలో చాలామందికి నేను ఒక కరపత్రం రాసినవాడిగా తెలుసు. "రోజువారీ బతుకులో పంచతత్వాల సమతుల్యం" అని పసుపు కాగితం మీద అచ్చు వేయించి, నంద్యాల బస్టాండులో, మహానంది బస్సుల్లో సీటు సీటుకూ పంచాను. కొందరి వంటింటి గోడల మీద అది ఇంకా అంటించి ఉండడం నేను చూశాను. అందులో ఉన్న మంచి మాటలన్నీ నర్సమ్మవి. తప్పులన్నీ నావి. ఆమె బతికుండగా ఈ మాట నేను ఎక్కడా చెప్పలేదు. ఆమె ప్రస్తావన కూడా అందులో లేదు. "నీ పేరే వెయ్యిలే అప్పా, అచ్చులో చూసుకోవాలని నీకే ఉండాది" అంది ఆమె. నేను ఆ ఎత్తిపొడుపును కూడా మెచ్చుకోలు అనుకున్నాను.

ఆమె మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి మద్రాసుకు శిక్షణకు పంపితే, అక్కడ ఒక డాక్టరు దగ్గర చైనా వైద్యం మొదటి పాఠాలు నేర్చుకుని, సైక్లోస్టైల్ కాగితాల కట్ట ఒకటి తెచ్చుకుంది. రిటైరయ్యాకే ఆ కట్ట విప్పింది. సూదులు గుచ్చేది కాదు. ఊలు అల్లే సూది మొద్దు కొసతో చేతుల మీద, పాదాల మీద నొక్కేది. వేళ్ల మీద మెంతిగింజలు పెట్టి ప్లాస్టరు అంటించేది. అయితే వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు బీపీ చూసేది. పాత పాదరసం మిషను, బూడిదరంగు ఇనుప పెట్టె, చేత్తో నొక్కే నల్ల రబ్బరు తిత్తి. నొక్కుతూ గోడ వైపు చూసేది. బీపీ ఎక్కువుంటే తిత్తి వదిలేసి "ముందు ఆస్పత్రికి పో. వచ్చినాక నొక్కుతా" అనేది. ఎంత బతిమాలినా అంతే.

నేను ఆమెను మొదట చూసింది కొట్లాటకు పోయి. పాలిటెక్నిక్‌లో లెక్చరరుతో గొడవపడి బయటికొచ్చిన ఏడాది అది, తొంభైల చివర. రైల్వే స్టేషనులో, బస్టాండులో దొరికే చిన్న పుస్తకాలన్నీ చదివేవాణ్ణి. మూఢనమ్మకాల మీద ఒకటి చదివి, ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని, ఊర్లో దొంగ వైద్యం ఎవరు చేస్తున్నారో బయటపెట్టాలని ఆమె వరండాలోకి పోయాను.

"మన పంచభూతాల్లో గాలి ఉండాది, ఆకాశం ఉండాది. నీ చైనా దాంట్లో కట్టె, ఇనుము ఉండాయంట. గాలి యాడబోయింది? చైనాలో గాలి ఆడదా?" అన్నాను.

స్నేహితులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"టీ తాగి కొట్లాడుతారా, కొట్లాడి తాగుతారా?"

"కొట్లాడి తాగుతాం."

"అయితే వంటింట్లోకి రాండి. పొయ్యి లేకుండా నాకు చెప్పను రాదు."

పొయ్యి ముందు నలుగుర్నీ కూర్చోబెట్టింది. "చూడు. కట్టె నిప్పును కంటాది. నిప్పు బూడిదైతాది, బూడిద అంటే మట్టే. మట్టి తవ్వితే ఇనుము. చల్లటి పొద్దున ఆ చెంబు ముట్టుకో, పైన చెమ్మ ఉంటాది, ఇనుము నీళ్లు కన్నట్లు. నీళ్లు తాగి చెట్టు. మళ్లా కట్టె. వీళ్లంతా తల్లీబిడ్డలు. ఇంగ కొట్లాట చెప్తా, నువ్వు దానికే గదా వచ్చినావు. నీళ్లు నిప్పును ఆర్పుతాయి. నిప్పు ఇనుమును కరిగిస్తాది. ఇనుము కట్టెను నరుకుతాది. కట్టె మట్టిని చీలుస్తాది. మట్టి నీళ్లకు కట్ట వేస్తాది. ఒకరు కనాల, ఒకరు అదుపు చేయాల. ఇల్లయినా ఒళ్లయినా అంతే."

"దీనికి రుజువేంది?"

"రుజువు ల్యా. ఇదొక చూసే పద్ధతి. చూసేది చూసి, కొలిచేది కొలవాల." గోడకున్న బీపీ పెట్టె వైపు గడ్డంతో చూపించింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "నీది కట్టె. అదీ పచ్చిది కాదు, ఎండుకట్టె. నిప్పురవ్వ యాడ పడుతాదా అని చూస్తాండావ్. తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?"

తలనొప్పి అని నేను ఆమెకు చెప్పలేదు. స్నేహితుల ముందు ఒప్పుకోలేక "నాకేం ల్యా" అన్నాను.

"ల్యాకపోతే మంచిదే. టీ తాగు."

మర్నాడు ఒక్కణ్ణే పోయాను. ఆ తర్వాత దాదాపు రోజూ పోయాను.

ఆమె దగ్గర పంచతత్వాలంటే గోడ మీద బొమ్మ కాదు. పళ్లెం. సంగటి ముద్ద పెట్టి, "నమిలి చూడు, జొన్న తియ్యగా ఉంటాది. ఇది మట్టి" అనేది. పక్కన చింతాకు పులుసు, కాకరకాయ ముక్కలు నాలుగు, అల్లం తొక్కు, ఒక రవ్వ ఉప్పు. పులుపు కట్టె, చేదు నిప్పు, కారం ఇనుము, ఉప్పు నీళ్లు. ఐదు చిన్న గిన్నెలు వరసగా ఉండేవి ఆమెకు. ఒకటి ఖాళీగా ఉంటే అన్నం ముట్టేది కాదు, పక్కింటికి పోయి ఒక చింతాకు రెబ్బ అయినా అడిగి తెచ్చుకునేది. నేను అది చూసి "ఐదు రుచులు తింటే రోగమే రాదు" అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆమె వంగి చూసి కొట్టేయించింది. "నేనెప్పుడన్నా ఆ మాట? ఐదూ ల్యాకుంటే నాకు తిన్నట్లుండదు. అంతవరకే రాసుకో."

కోపానికి ఆమె దగ్గర ఒక మందు ఉండేది. అది పని. ఒకరోజు కరెంటాఫీసులో ఎవరితోనో తగాదా పడి, ఊగిపోతూ వచ్చాను. పెరట్లో ఆమె స్నానాలగది తలుపు చెదలు పట్టి ఊడిపోయి ఉంది. నాకు రంపం ఇచ్చింది. "కోపం కట్టె అప్పా. పొయ్యిలో పెడితే ఒక పూట మండుతాది. తలుపు చేసుకుంటే ఇంటికి పనికొస్తాది." ఏదో మాటవరసకు అంటోందనుకున్నాను. నిజంగానే పలకలు తెప్పించింది. పదిహేను రోజులు పట్టింది నాకు. కింద నాలుగు వేళ్ల సందు మిగిలిపోయింది. అది చూసి, "నీ కోపం ఇంకా నాలుగు వేళ్లు తక్కువుండాది. ఇంకోసారి ఎవురితోనన్నా కొట్లాడి రా" అంది. ఆ సందు అట్లాగే ఉండిపోయింది.

ఇక్కడ నేను నా తప్పు చెప్పాలి.

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. హైవే పక్క వరసగా ఉండే షెడ్లలో ఒకటి మాది. ఈ ముక్క నేను నర్సమ్మకు మూడేళ్లు చెప్పలేదు. దేవుడు లేడని గోడల మీద సున్నంతో రాసేవాడి తండ్రి దేవుళ్లను చేస్తాడని చెప్పుకోవడానికి నాకు సిగ్గు. మీ నాయన ఏం పని చేస్తాడని ఆమె అడిగినప్పుడు "కూలిపని" అన్నాను. అబద్ధం కాదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను కూడా.

నాయనకు దగ్గు మొదలైంది. నేను పంచతత్వాలు చదివినవాణ్ణి. ఊపిరితిత్తులు లోహం, అంటే నర్సమ్మ చెప్పే ఇనుము. లోహానికి తల్లి మట్టి. బిడ్డ నీరసిస్తే తల్లికి తినిపించాలి. మట్టి రుచి తీపి, కాబట్టి బెల్లం. లోహం రంగు తెలుపు. కాబట్టి ముల్లంగి, వెల్లుల్లి. లోహానికి చెందిన గుణం దుఃఖం. అవ్వ పోయి ఏడాది కాలేదు. కాబట్టి ఇది దుఃఖపు దగ్గు అని తేల్చాను.

"నేను యాడ ఏడిసినారా?" అన్నాడు నాయన.

"ఏడ్వకపోవడం వల్లనే నాయనా."

ఆయన నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. చదువుకున్న కొడుకు చెప్తున్నాడు కదా అనే చూపు. బెల్లం తిన్నాడు. ముల్లంగి అంటే పడని మనిషి ముల్లంగి తిన్నాడు. బొటనవేలి మీద మెంతిగింజలు అంటించుకునే ఉలి పట్టాడు. ప్లాస్టరు మీద ఉలి జారితే పక్క షెడ్లవాళ్లు "ఏమప్పా, వేలికి కూడా దిష్టిచుక్క పెట్టినాడా మీవాడు?" అని నవ్వేవాళ్లు. "మావోడు చదివినాడులే" అనేవాడు. అట్లా ఎనిమిది నెలలు. అమ్మ ఆస్పత్రికి పోదామంటే వద్దన్నది నేను. కరపత్రం అచ్చు వేయించింది కూడా ఆ నెలల్లోనే. అందులో ఊపిరితిత్తుల పేరా మీరు చదివారు. అది మా నాయన మీద నేను చేసిన ప్రయోగం.

ఎనిమిదో నెలలో నర్సమ్మకు చెప్పాను. గర్వంగా చెప్పాను, పెద్ద వైద్యుడు తన కేసు గురించి చెప్పినట్లు. ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టింది.

"ఎక్స్‌రే తీయించినావా?"

"ఎందుకు?"

"మీ నాయన యేం కూలి చేస్తాడు?"

అప్పుడు చెప్పాను. ఆమె చాలా నెమ్మదిగా అంది. "రాతిదుమ్ములో కూచునే మనిషికి బెల్లం పెట్టినావు. నాకు అబద్ధం చెప్పి, నేను చెప్పిన పాఠం తీసుకపోయి పెట్టినావు. ముందు ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. రేపే."

నేను ఒప్పుకుని ఉండాల్సింది. లేచి నిలబడి, వరండాలో ఆరేడుమంది వింటుండగా, "ఆస్పత్రి జీతం తిన్న బుద్ధి యాడికి పోతాది? నాడి పట్టను తెలిసినామెకు ఆ మిషనెందుకు, ఎక్స్‌రే ఎందుకు? నీకే నమ్మకం ల్యా" అన్నాను.

"నాడి చెప్పేది నాడి చెప్తాది. మిషను చెప్పేది మిషను చెప్తాది. రెండు చెవులు ఇచ్చింది దానికే" అంది ఆమె. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చేశాను. బూతుకు సెలవు పెట్టి ఆళ్లగడ్డ పోయి, షెడ్డులో ఒక మూల ముఖం మాడ్చుకుని కూర్చున్నాను.

మూడో రోజు ఆమె బస్సు దిగింది. ఆ ఎండలో, చేతిలో గుడ్డసంచితో. నాయన పని ఆమెకు తెలుసు, ఏ షెడ్డో తెలియదు. మొదటి షెడ్డులోనే "నంద్యాలలో ఎస్టీడీ బూతులో ఉంటాడు, కోపిష్టి పిల్లోడు, వాళ్ల నాయన ఎవురప్పా?" అని అడిగిందట. వరసగా అన్ని షెడ్లవాళ్లూ చేతులు చాపి మా షెడ్డు చూపించారట. ఈ మాట తర్వాత ఆమె ఎంతమందికి చెప్పి నవ్విందో లెక్కలేదు.

నన్ను పలకరించలేదు. నేరుగా పోయి నాయన ఎదురుగా రాతి మొద్దు మీద కూర్చుంది. నాయన అప్పుడు ఒక అమ్మవారి ముఖం చేస్తున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టడం, వంగి ముఖం మీద పడిన రాతిపిండిని నోటితో ఉఫ్‌మని ఊదడం, మళ్లీ నాలుగు దెబ్బలు. ఊదినప్పుడల్లా ఆ పిండి లేచి ఆయన ముఖం చుట్టూ తిరిగేది. ఊదినవాడు మళ్లీ గాలి పీల్చాలి కదా. ఆ పిండినే పీల్చేవాడు. పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్న పని అది. నాకు ఎప్పుడూ కనపడలేదు.

"నోటితో యెందుకు ఊదుతావప్పా? గుడ్డతో తుడువు" అంది నర్సమ్మ.

"తుడిస్తే కావిగీత చెరుగుతాదమ్మా. గీత పోతే కన్ను పోతాది." ఎర్రమట్టితో గీసుకున్న గీతలు చూపించాడు నాయన.

"నీళ్లు చల్లుకో. దుమ్ము లేవదు."

"అదీ గీత మీదికే. తడిరాతి మీద ఉలిగాటు కూడా కనపడదు."

"చీపురు?"

నాయన నొచ్చుకున్నాడు. "దేవుని మొగానికి చీపురు తగలచ్చునామ్మా? ఊపిరితోనే ఊదాల. మా నాయన ఊదినాడు, మా తాత ఊదినాడు."

"మీ నాయన యెట్ల పోయినాడు?"

నాయన ఉలి పక్కన పెట్టాడు. "దగ్గుతో."

"మీ తాత?"

పక్క షెడ్డు నుంచి వచ్చి నిలబడిన ముసలాయన "ఆయప్ప కూడా అంతే" అన్నాడు.

నర్సమ్మ దేవుళ్ల గురించి ఒక్క మాట అనలేదు. ఆమె దేవుడు వేరు, నాకు దేవుడే లేడు, నాయనకు ఇంటినిండా దేవుళ్లు. ఆ షెడ్డులో ఎవరి దేవుణ్ణీ ఎవరూ కదిలించకుండా ఆమె ఒక పని చేసింది. సంచిలోంచి బీపీ పెట్టె తీసింది. ముందు నాయనకు బీపీ చూసింది. చూసి, పట్టీ విప్పి, గొట్టం కొస నుంచి రబ్బరు తిత్తిని మెలితిప్పి ఊడదీసింది. అమ్మవారి ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని నొక్కింది. పిండి ఎగిరిపోయింది. కావిగీత చెక్కుచెదరలేదు.

"ఇది ఊదుతాది. దీనికి దగ్గు రాదు. నువ్వు మొగం పక్కకు తిప్పుకో, ముక్కుకు తడిగుడ్డ కట్టుకో. మోటుపని చేసేటప్పుడు గీత ఉండదు గదా, అప్పుడు రాతికి నీళ్లు పెట్టుకో. ఇంగ లేయి. బస్సుంది, ఎక్స్‌రేకు పోదాం."

"దేవుని మొగానికి రబ్బరు..." అని ముసలాయన గొణిగాడు.

నాయన ఆ తిత్తిని చేతిలోకి తీసుకుని రెండుసార్లు నొక్కి చూశాడు. "తగలడంల్యా గదా మామా, గాలే గదా పోయేది" అన్నాడు. లేచి కాళ్లు కడుక్కున్నాడు.

బస్సులో వాళ్లిద్దరూ ముందు సీటులో, నేను వెనక. ఎక్స్‌రే తీసిన డాక్టరు చెప్పింది ఇది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది, పోయింది తిరిగి రాదు, దుమ్ము ఆపితే ఉన్నది నిలుస్తుంది. ఎనిమిది నెలల ముందు వచ్చి ఉంటే ఇంకొంచెం నిలిచేది. చివరి మాట ఆయన నాకేసి చూసి అనలేదు. నర్సమ్మే నాకేసి చూసింది.

నాయన దగ్గు తగ్గలేదు. పెరగడం ఆగింది. పూట పని చేస్తాడు, పూట కూర్చుంటాడు. ఆ వరసలో ఇప్పుడు నాలుగు షెడ్లలో రబ్బరు తిత్తులున్నాయి. పసుపు కరపత్రంలో ఆ పేరా కొట్టేసి మళ్లీ అచ్చు వేయమని నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింది. వేస్తా వేస్తా అన్నాను. నా తప్పును అచ్చులో పెట్టుకోవడం ఇష్టం లేక వేయలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మీ గోడ మీద అది ఉంటే, పెన్ను తీసుకుని ఊపిరితిత్తుల పేరా కొట్టేయండి. దగ్గు పదిహేను రోజులు దాటితే ఆస్పత్రికి పోండి. బెల్లం తర్వాత తినొచ్చు.

ఇక ఆమె మీద కోపం సంగతి.

పోయే ముందు వారం ఆమె వరండాలో పడక్కుర్చీలో తల పట్టుకుని కూర్చుని ఉంది. "తల దిమ్మెక్కినట్లుండాది అప్పా. నాలో నిప్పు ఎక్కువైంది. కొంచెం నొక్కు" అని కాలు చాపింది. అన్నేళ్లలో మొదటిసారి ఆమె నాతో నొక్కించుకుంది. నాకు పట్టా ఇచ్చినంత సంతోషమైంది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, కట్టె తత్వం బిందువు మీద, ఆమె నేర్పినట్లే నొక్కాను. "బాగా నొక్కుతాండావ్" అంది. నేను ఎగురుకుంటూ ఇంటికి పోయాను. బీపీ చూసుకున్నావా అని అడగలేదు. రాతిదుమ్ములో కూర్చున్న మనిషికి బెల్లం పెట్టినవాణ్ణి, అదే తప్పు రెండోసారి, నేర్పిన మనిషి మీదే చేశాను.

చర్చి బయట, శవపెట్టె లోపలికి తీసుకుపోతుండగా ఒకాయన పక్కవాడితో అన్నాడు. "ఊరందరికీ చైనా వైద్యం చేసింది. తనకు మాత్రం పనిచేయల్యా." నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. చెల్లెలి కూతురు వచ్చి నా చెయ్యి విడిపించింది. "ఈరోజన్నా ఊరుకో అన్నా. పెద్దమ్మ చూస్తే నీకు ఇంకో తలుపు చెప్తాది" అంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముందో నాకు ఇప్పటికీ దొరకలేదు. అందుకే ఆ కోపం ఇంకా పోలేదు.

మూడో రోజు ఆ పిల్ల ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. గోడ మీది బూడిదరంగు పెట్టె నా చేతికిచ్చింది. "ఇది నువ్వు తీసుకపో అన్నా. పని చేయదు."

తెరిచి చూశాను. పట్టీ ఉంది, పాదరసం గొట్టం ఉంది. తిత్తి ఉండాల్సిన గూటిలో ఒక ముడిచిన రుమాలు ఉంది.

"కొత్తది కొనలేదా?"

"కొంటాలే కొంటాలే అనేది. వచ్చినోళ్లను మాత్రం చూపించుకుని రాండి అని ఆస్పత్రికే పంపేది. నువ్వు కూడా పోయి చూపించుకో పెద్దమ్మా అంటే, నా నిప్పూ నా నీళ్లూ నాకు తెలుసులే అనేది."

అన్నేళ్లు నేను రోజూ ఆ వరండాలో కూర్చున్నాను. ఆమె ఎవరికీ బీపీ చూడడం లేదని నాకు కనపడలేదు. నొక్కడానికి చోట్లు వెతుక్కుంటున్నాను నేను.

రెండు చెవులు ఇచ్చింది దానికే అన్న మనిషి, తన విషయంలో ఒక చెవి మూసుకుంది. ముప్పై ఏళ్లు ఊరి నెత్తురు కొలిచిన మనిషి. ఇది నేను ఆమెకు క్షమించను. ఎదురుగా ఉంటే వరండాలో పదిమంది వింటుండగా అడిగేవాణ్ణి, నీకు మాత్రం రుజువు అక్కర్లేదా అని. ఆమె ఏదో ఒక రంపం నా చేతిలో పెట్టి ఉండేది. పెట్టె పట్టుకుని మందుల షాపుకు పోయాను. తిత్తి కావాలన్నాను. షాపాయన వెనక అరలోంచి తీసి ఇచ్చాడు. నిమిషం పట్టలేదు. ఆ నిమిషం నేను ఏ రోజైనా పెట్టి ఉండొచ్చు.

ఆ పెట్టె ఇప్పుడు నా బూతులో ఉంది. నర్సమ్మ దగ్గరే నేర్చుకున్న చెల్లెలి కూతురు సాయంత్రాలు వచ్చి నాకు బీపీ చూడడం నేర్పుతోంది. ఫోనుకు వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని నేర్చుకుంటున్నాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

సమాధిరాయి నాయన చెక్కుతానన్నాడు. దేవుళ్లను చెక్కే ఉలితో సమాధిరాయి చెక్కరు మా వాళ్లు. పక్క షెడ్డు ముసలాయన గుర్తు చేశాడు. "ఉలికి ఎరుకనా మామా, ఇది ఎవురి రాయో" అన్నాడు నాయన. ముసలాయన మంచి నల్లరాయి పలక ఒకటి తన షెడ్డులోంచే దొర్లించుకొచ్చి పెట్టాడు.

నిన్న ఆళ్లగడ్డ పోయాను. ఆమె పేరులో రెండు అక్షరాలు అయ్యాయి. నల్లరాతి మీద ఉలి పడిన చోట తెల్లగా తేలుతున్నాయి. నాయన ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, నాలుగు దెబ్బలు కొట్టి, ముఖం పక్కకు తిప్పి తిత్తి నొక్కుతున్నాడు. రబ్బరు పగుళ్లిచ్చి పాతబడింది, నొక్కితే పక్క నుంచి కూడా కొంచెం గాలి పోతోంది. కొత్తది తెచ్చానని చూపించాను. వద్దన్నట్లు తల ఊపాడు. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టేసరికి ఆయాసం వచ్చింది. ఉలి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి అందేదాకా కూర్చున్నాడు. అంతసేపూ ఆయన పిడికిట్లో, నొక్కి వదిలిన ఆ నల్ల తిత్తి మెల్లగా, చప్పుడు లేకుండా, మళ్లీ గాలి నింపుకుంటోంది.